మా ఇంటి కావలి కన్ను

పోయిన పొంగలు పండగ అయిన నాలుగో నాడు పొద్దున్నే అవ్వ అరిచిన అరుపుకు నేను లేచినాను. మా మేకల కొట్టంలో అయిదు మేకలుండేవి. ఆ పొద్దు చూస్తే మూడే ఉండినాయి. గొళ్ళెం తీసి ఉంది. కుక్క మొరగనే లేదు. పోయిన రెండూ అవ్వ చేతి మీద పెరిగినవి. ఆమె ఆ రోజంతా సంగటి ముట్టలేదు.

అది మరిచేలోపల ఇంకొకటి జరిగింది. బోరు మోటారు వేస్తే ఆడలేదు. షెడ్డు కాడికి పోయి చూస్తే రాగి కేబులు కోసుకొని పొయ్యుండారు. ఎప్పుడు కోసినారో ఎవ్వరికీ తెలియదు. పది దినాలుగా మోటారు వేసే పనే పడలేదు కదా.

మా నాయన హోసూరులో కంపెనీ పనికి పోతాడు. శనివారం రాత్రి వస్తాడు, సోమవారం తెల్లారకముందే పోతాడు. ఇంట్లో ఉండేది అమ్మ, అవ్వ, నేను, ఏడో తరగతి చదివే తమ్ముడు. అమ్మ కుట్టుపని చేసే అంగడి నుండి వచ్చేసరికి సాయంత్రం ఆరవుతుంది. "మేకలు పోతే పోనీ, రేపు ఇంట్లోకే వస్తే?" అని నాయన ఫోనులో అన్నాడు. ఆ వారమే ఇంటికి కెమెరాలు పెట్టాలని తీర్మానం అయింది.

నాయన ధర్మపురిలో ఒక అంగడిలో అడిగినాడు. వాళ్ళు ఒక కాగితం మీద రాసిచ్చినారు. గేటు, వసారా, హాలు, వంటింటి తలుపు, పెరడు, మేకల కొట్టం, మోటారు షెడ్డు, మిద్దె పైన. మొత్తం ఎనిమిది కెమెరాలు, 32,000 రూపాయలు. నాయన ఆ కాగితం నా చేతికిచ్చి, "పాపా, నీ దగ్గర జామెట్రీ బాక్సు ఉందిగా, మన ఇంటి పటం గీసి ఎక్కడెక్కడ పెట్టాలో చూడు" అన్నాడు. నాకు చాలా గర్వంగా అనిపించింది. పరీక్ష కాని పనికి నా లెక్కలు పనికొస్తాయని అప్పటిదాకా నేను అనుకోలేదు.

ఆదివారం నేనూ తమ్ముడూ టేపు పట్టుకొని ఇల్లంతా కొలిచినాము. గ్రాఫు కాగితం మీద ఒక సెంటీమీటరుకు ఒక మీటరు అని పెట్టుకొని గీసినాను. మా వసారా నుండి గేటుకు 9 మీటర్లు. ఇంటి వెనక గోడ నుండి మోటారు షెడ్డుకు 25 మీటర్లు. ఆ కాగితం పట్టుకొని మా లెక్కల సారు దగ్గరికి పోయినాను. సారు పటం చూడకుండానే ఒక మాట అడిగినారు. "ప్రతి కెమెరా ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలి? ముందు ప్రశ్న రాసుకొని రా."

నేను రాసుకున్నాను. గేటు దగ్గర ప్రశ్న: వచ్చింది ఎవరు? మేకల కొట్టంలో ప్రశ్న: తలుపు తీసింది ఎవరు? మోటారు షెడ్డులో ప్రశ్న: ఎప్పుడు వచ్చినారు, ఎవరు? వంటింటి తలుపు, మిద్దె పైన అనే చోట్ల నాకు ప్రశ్నే దొరకలేదు. వంటింటి తలుపుకు పొయ్యేవాడు ఎటూ పెరడులో నుండే పోవాలి. మిద్దె పైన మా దగ్గర ఉండేది ఎండబెట్టిన చింతపండు ఒక్కటే. హాలు దగ్గర ఏమి రాయాలో తెలియక ఖాళీగా వదిలిపెట్టినాను. ఆ ఖాళీ సంగతి తరువాత చెప్తాను.

ఇప్పుడు లెక్క. అంగడివాళ్ళు చెప్పిన కెమెరా రెండు మెగాపిక్సెల్ ది. అంటే దాని బొమ్మలో అడ్డంగా 1920 చుక్కలుంటాయి. బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుంది అనేది చుక్కల లెక్క ఒక్కటే కాదు, ఆ చుక్కలు ఎంత వెడల్పు మీద పరుచుకుంటాయి అనేది ముఖ్యం. కొత్త మనిషిని ముఖం చూసి గుర్తించాలంటే ఒక మీటరు వెడల్పుకు 250 చుక్కలుండాలని, తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 చాలని, మనిషి అనేవాడు ఉన్నాడని తెలియడానికి 25 చాలని ఈ పనిలో ఒక ప్రమాణం ఉంది.

కెమెరా చూసే కోణం 90 డిగ్రీలని పెట్టుకున్నాను. సగం 45 డిగ్రీలు. టాన్ 45 విలువ 1 కదా. కాబట్టి ఎంత దూరం ఉంటే దానికి రెట్టింపు వెడల్పు కనిపిస్తుంది. వసారాలో కెమెరా పెడితే 9 మీటర్ల దూరాన ఉండే గేటు దగ్గర 18 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. 1920ని 18తో భాగిస్తే మీటరుకు 107 చుక్కలు. మనిషి ముఖం వెడల్పు 16 సెంటీమీటర్లనుకుంటే ముఖానికి వచ్చేది 17 చుక్కలు. 17 చుక్కల్లో దొంగ ముఖమూ ఒకటే, మా మామ ముఖమూ ఒకటే! అదే కెమెరాను పక్క గోడ మీద, గేటుకు 4 మీటర్ల దూరంలో పెడితే మీటరుకు 240 చుక్కలు వస్తాయి. అంగడి కాగితంలో గేటు చూసే కెమెరా వసారా స్తంభానికే రాసి ఉండింది. చోటు మార్చితే పైసా ఖర్చు లేకుండా బొమ్మ రెండింతలకు పైన మేలవుతుంది.

నేను ట్రాన్స్‌పరెంటు కవరును 90 డిగ్రీల విసనకర్ర మాదిరి కత్తిరించి, పటం మీద ఒక్కొక్క చోట పెట్టి తిప్పి చూసినాను. గోడ అడ్డమొచ్చిన చోట పెన్సిలుతో గీత గీసినాను. అవ్వ పక్కన కూర్చొని చూస్తా ఉండి, "ఇది మంచె వేసే లెక్కే కదే" అనింది. అవ్వ చిన్నప్పుడు వాళ్ళ నాయన సజ్జ చేలో మంచె ఎక్కి పిట్టలు తోలేదంట. మంచె ఎక్కడ వేస్తే చేను నాలుగు మూలలూ కనపడతాయో, ఎక్కడ వేస్తే చెట్టు అడ్డమొస్తుందో ముందు కింద నిలబడి చూసుకునేవాళ్ళంట. "పక్కోని చేను చూసే మంచె ఎవరూ వెయ్యరు" అని కూడా అనింది. ఆ మాట అప్పుడు నాకు అంతగా తలకెక్కలేదు.

తరువాత హార్డ్ డిస్కు లెక్క చేసినాను. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు రాస్తుందనుకుందాము. 8 బిట్లు ఒక బైటు. అంటే సెకనుకు పావు మెగాబైటు. రోజుకు 86,400 సెకండ్లు. కాబట్టి రోజుకు 21,600 మెగాబైట్లు, అంటే 21.6 జీబీ. ఎనిమిది కెమెరాలైతే రోజుకు దాదాపు 173 జీబీ. 1000 జీబీ ఉండే ఒక టెరాబైటు డిస్కు ఆరు రోజులు కూడా రాదు. నిండినాక పాతది చెరిపి దాని మీదనే కొత్తది రాస్తుంది. మా మోటారు కేబులు పోయిన సంగతి మాకు తెలిసింది పది దినాలకు! ఎనిమిది కన్నులు పెట్టినా ఆ రాత్రి బొమ్మ మాకు దొరికేది కాదు. మూడు కెమెరాలైతే రోజుకు 64.8 జీబీ, అదే డిస్కు 15 రోజులు వస్తుంది. ఎక్కువ కెమెరాలు పెడితే ఎక్కువ కాపలా అనుకునేవాళ్ళు ఈ భాగహారం ఒకసారి చేసి చూడాలి.

వైఫై కెమెరాలు సులభం అని మా తరగతిలో చాలామంది చెప్పినారు. కానీ మోటారు షెడ్డు దాకా మా ఇంటి వైఫై పోదు. వైఫై ఉన్నా చాలా కెమెరాలకు కరెంటుకు వైరు కావాల్సిందే. అందుకని కేబులు వేసే రకమే తీసుకున్నాము. అందులో కూడా ఒక చిక్కు ఉంది. కెమెరాకు కావాల్సింది 12 వోల్టులు. సన్న తీగలో 25 మీటర్లు పోతే తీగ నిరోధం వల్ల దారిలోనే కొంత వోల్టేజీ పడిపోతుంది. పగలు కెమెరా బాగా పనిచేస్తుంది, రాత్రి దాని లైట్లు వెలిగితే కరెంటు ఎక్కువ గుంజి ఆగిపోతుంది. మన పదో తరగతి విద్యుత్తు పాఠంలో ఉండే ఓమ్ నియమమే ఇది. అందుకే అడాప్టరును కెమెరా దగ్గరే పెట్టించినాము.

ఇదంతా బాగానే ఉంది. ఇక హాలు సంగతి.

అంగడి అన్న ఒక వారం చూసుకోమని రెండు కెమెరాలు తెచ్చి తాత్కాలికంగా పెట్టి పోయినాడు. ఒకటి వసారాలో, ఒకటి హాలులో. నాయన ఫోనులో రెండూ కనిపిస్తాయి. మొదటి రెండు దినాలు తమాషాగా ఉండింది. తమ్ముడు దాని ముందర నిలబడి డాన్సు చేసేవాడు. మూడో నాడు రాత్రి పదకొండు గంటలకు నేను హాలులో పుస్తకం ముందర పెట్టుకొని తల వాల్చినాను. ఫోను మోగింది. నాయన. "ఏం పాపా, చదువుతా ఉండావా, నిద్రపోతా ఉండావా?" అన్నాడు. నవ్వుతానే అన్నాడు. కానీ నాకు గుండె ఝల్లుమనింది.

మరుసటి దినం నుండి నేను హాలులో కూర్చోవడం మానేసినాను. తల దువ్వుకోవాలన్నా వంటింట్లోకి పోయేదాన్ని. అమ్మ చీర కొంగు సరిచేసుకుంటా తిరిగేది. అవ్వ సంగతి చెప్పనే అక్కర్లేదు. మధ్యాన్నం హాలులో కాళ్ళు చాపుకొని, ఉక్కకు రవిక విప్పి కొంగు కప్పుకొని పడుకునే మనిషి, మేకల కొట్టంలో గోనెపట్ట పరుచుకొని పడుకోవడం మొదలుపెట్టింది. "మేకలు పోతాయని కన్ను పెడితిరి, నేను మేకల్లో కలిసిపోతిని" అనింది. మేము నవ్వినాము, కానీ ఆమె నవ్వలేదు. అయిదో నాడు నేను కెమెరా మీద తువాలు కప్పినాను. నాయన ఫోను చేసి కోపంగా, "ఏమి దాచను కప్పినారు?" అన్నాడు. నేను జవాబు చెప్పలేక ఫోను అమ్మ చేతికిచ్చి ఏడ్చినాను. దాచేది ఏమీ లేదు. ఏమీ లేనప్పుడు కూడా మూసుకోవాలని ఎందుకు అనిపిస్తుందో నాకే అర్థం కాలేదు.

ఆ వారంలోనే పక్కింటి అత్త గోడ దగ్గర నిలబడి నన్ను పిలిచింది. "పాపా, ఆ కన్ను మా పెరటికల్లా తిరుగుతుందా?" అని అడిగింది. వాళ్ళ స్నానాల చోటుకు మూడు పక్కల తడికెలే, పైన కప్పు లేదు. మా మిద్దె పైన కెమెరా పెడితే అది నేరుగా కనిపిస్తుంది. నా పటంలో మా ఇల్లు మాత్రమే ఉండింది, గోడకు అవతల తెల్ల కాగితం. అక్కడ మనుషులుంటారని నేను గీయలేదు. అవ్వ చెప్పిన పక్కోని చేను మాట అప్పుడు గుర్తుకొచ్చింది.

అంగడి అన్న, "దానికేమి, ఆ భాగానికి నల్ల మరుగు పెట్టేస్తాము, బొమ్మలో కనిపించదు" అన్నాడు. అట్ల పెట్టొచ్చు, నిజమే. కానీ ఆ నల్ల మరుగును పెట్టినవాళ్ళే ఫోనులో తీసేయొచ్చు. పెట్టినామో లేదో అత్తకు ఎట్ల తెలుస్తుంది? కెమెరానే కిందకు దించి, మధ్య గోడ అడ్డమొచ్చేటట్టు పెడితే అత్త తన కళ్ళతోనే చూసుకోవచ్చు. గోడను ఎవరూ ఫోనులో తీసెయ్యలేరు.

నేను ఈ సంగతులు సాంఘిక శాస్త్రం టీచరుకు చెప్పినాను. టీచరు రెండు విషయాలు చెప్పినారు. మొదటిది మన దేశానిది. 2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒకే మాటగా, గోప్యత మన ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పినారు. ఆ కేసు వేసింది పుట్టస్వామి అనే రిటైరైన జడ్జి. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులోనే ఇది కూడా ఉందని ఆ తీర్పు. నాకు తువాలు గుర్తుకొచ్చింది. నేను కప్పింది తప్పు దాచను కాదు, దానికి ఒక పేరు ఉంది అని తెలిసి మనసు కుదుటపడింది.

రెండోది అమెరికాది. ఇంటికి కెమెరా పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నది మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి నర్సు. న్యూయార్కులో క్వీన్స్ అనే చోట ఉండేది. ఆమె పని వేళలూ భర్త ఆల్బర్ట్ పని వేళలూ వేరు. ఒంటరిగా ఉన్నప్పుడు తలుపు తట్టింది ఎవరో తెలియక భయపడేది. భర్తతో కలిసి 1966లో దరఖాస్తు చేసింది, 1969 డిసెంబరు 2న పేటెంటు వచ్చింది. తలుపులో నాలుగు రంధ్రాలు, వాటి వెనక కిందికీ పైకీ జరిగే కెమెరా, లోపల టీవీలో బొమ్మ, బయటివాళ్ళతో మాట్లాడను మైకు, తలుపు దూరం నుండే తీసే మీట, ఆపదలో నొక్కే మీట. అన్నీ ఆమె ఆలోచనలో ఉండినాయి.

నేను ఇంటికొచ్చి దీని గురించి చాలాసేపు ఆలోచించినాను. ఆమె కెమెరా చూసింది బయటికి. చూసింది ఇంట్లో ఉండే ఆడమనిషి. మా హాలు కెమెరా చూసేది లోపలికి. చూసేది బయట ఉండే మనిషి. రెండూ కెమెరాలే. కానీ ఒకటి ఆమె భయం తీర్చను, ఇంకొకటి మాకు కొత్త భయం పెట్టను.

శనివారం నాయన వచ్చినాడు. అన్నం తినినాక నేను నా పటం, లెక్కలు అన్నీ ముందర పెట్టినాను. మూడు కెమెరాలు చాలు అని చెప్పినాను. "హాలుది వద్దు నాయనా" అన్నాను. గొంతు వణికింది. నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "నేను మిమ్మల్ని వేవు చూడాలని పెట్టుకోలేదు పాపా" అన్నాడు. హోసూరు రూములో నలుగురు మగవాళ్ళు ఉంటారంట. రాత్రి షిఫ్టు అయినాక ఫోను తీసి హాలు చూస్తే, అమ్మ చీర మడత పెడతా, తమ్ముడు పొర్లాడతా, నేను చదువుతా కనిపిస్తే ఇంటికి వచ్చినట్టు ఉంటుందంట. "మాట్లాడకపోయినా పర్వాలేదు, చూస్తా ఉంటే చాలు అనిపించేది" అన్నాడు.

మాకు అప్పటిదాకా ఇది తోచనే లేదు. మేము పోలీసు చూస్తా ఉండాడని అనుకున్నాము. అక్కడ చూస్తా ఉండింది మా నాయన. అవ్వే మాట్లాడింది. "చూడాలంటే ఫోను చెయ్యి నాయనా, మేమూ నిన్ను చూస్తాము. నువ్వు మమ్మల్ని చూస్తివి, మేము నిన్ను చూడకపోతిమి. అది ఏం న్యాయం?" నాయన నవ్వినాడు. ఆ రాత్రే నిచ్చెన వేసుకొని హాలు కెమెరా ఆయనే విప్పినాడు. ఇప్పుడు షిఫ్టును బట్టి రోజూ ఒక వేళకు వీడియో కాల్ చేస్తాడు. మాట్లాడేది ఏమీ లేకపోయినా ఫోనును చెంబుకు ఆనించి పెట్టి మా పని మేము చేసుకుంటాము. ఆయనా అక్కడ అన్నం తింటా ఉంటాడు. మేమూ చూస్తాము.

చివరికి మూడు కెమెరాలు పెట్టినాము. గేటు పక్క గోడ మీద ఒకటి, మేకల కొట్టంలో తలుపుకు ఎదురుగా ఒకటి, మోటారు షెడ్డులో ఒకటి. మొత్తం 14,500 అయింది. గేటు కెమెరాను కిందికి వంచి, మా రేకు గేటు దాటి వీధి కనిపించకుండా పెట్టినాము. 1925 జూలై 23న సుబ్రమణ్య శివ కన్ను మూసింది మా పాపారపట్టిలోనే కదా. ఆయన వర్ధంతికి వచ్చేవాళ్ళు మా వీధిలో నడిచి పోతారు. వాళ్ళ ముఖాలన్నీ మా డబ్బాలో ఎందుకు? పక్కింటి అత్తను పిలిచి మూడు బొమ్మలూ ఫోనులో చూపించినాము. ఆమె మోటారు షెడ్డు కాడికి కూడా వచ్చి, కెమెరా ఎటు తిరిగి ఉందో చూసి, "ఇక మీ మోటారుతో పాటు మా అరటి గెల కూడా చూసుకోండి" అని నవ్వి పోయింది.

కెమెరా పెట్టాలనుకునే తల్లిదండ్రుల కోసం మేము నేర్చుకున్నవి కొన్ని చెప్తాను. కెమెరాతో వచ్చే పాస్‌వర్డును మొదటి రోజే మార్చండి. మాకు బిగించినవాళ్ళు ఒకటి నుండి ఆరు అంకెలు వరుసగా పెట్టి పోయినారు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇట్లాంటి మార్చని పాస్‌వర్డులతోనే లక్షల కెమెరాలలో, రికార్డరు డబ్బాలలో దూరి, వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. రాత్రి కెమెరా మన కంటికి కనపడని పరారుణ కిరణాలతో చూస్తుంది. దగ్గరలో తెల్ల గోడ ఉన్నా, ముందర సాలెగూడు ఉన్నా ఆ వెలుగు తిరిగి కొట్టి బొమ్మంతా తెల్లబోతుంది. ఒక రాత్రి ఫోను అదే పనిగా మోగితే దొంగ అనుకొని కట్టె పట్టుకొని పోయినాము. సాలీడు! డబ్బాలో గడియారం సరిగా ఉందో నెలకొకసారి చూడండి, తప్పు గంట చూపే బొమ్మను ఎవరూ నమ్మరు. కరెంటు పోతే పనిచేయడానికి ఇన్వర్టరుకు కలపండి. మూడు కెమెరాలూ డబ్బా కలిసి సుమారు 30 వాట్లే, ఒక ఫ్యాను కంటే తక్కువ. డబ్బాను టీవీ పక్కన పెట్టకండి, దొంగ దాన్నీ ఎత్తుకుపోతాడు. మాది ఎక్కడ పెట్టినామో మాత్రం ఇక్కడ రాయను!

మా రెండు మేకలు తిరిగి రాలేదు. కెమెరా పెట్టినాక దొంగ కూడా రాలేదు. కెమెరాకు భయపడి రాలేదో, ఊరికే రాలేదో చెప్పలేను. అవ్వ మాత్రం మళ్ళీ హాలులో కాళ్ళు చాపుకొని పడుకుంటా ఉంది.

మన తెలుగులో దీనికి రెండు మాటలున్నాయి. నిఘా అని ఒకటి, కావలి అని ఒకటి. తమిళంలో పోలీసు స్టేషనును కావల్ నిలయం అంటారు, ఆ కావలే ఇది. నిఘా పెట్టేది మనుషుల మీద. కావలి కాసేది మనుషుల కోసం. మా పటంలో హాలు దగ్గర నేను ఖాళీగా వదిలిన చోట ఇప్పుడు ఒక మాట రాసినాను: ఇక్కడ ప్రశ్న లేదు.